పెన్సిల్‌తో రాసిన పాత నంబరు

నాకు ఏడు పదులు దాటాయి. మా పేట నుంచి నదికి అవతలి ఒడ్డునున్న పెద్దాసుపత్రి రికార్డు రూంలో ముప్ఫై ఒక్క ఏళ్లు అటెండరుగా పనిచేశాను. బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. చిన్నప్పుడు బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో ఉండేవాణ్ణి. సామాను చుట్టే పాత పేపర్ల మీద తెలుగూ ఉర్దూ కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం రోగుల ఫైళ్లు నేర్పాయి. డాక్టర్ల రాత డాక్టర్లకే అర్థం కానప్పుడు నన్ను పిలిచి చదివించుకునేవాళ్లు. అదే ఆస్పత్రి, నేను ఫైలు మీద ఒక్క ముక్క రాస్తే మాత్రం ఊరుకోలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు.

నేను రాసింది ఒక నంబరు, అంతే. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ చేయించుకుని వెళ్లిన ఆడవాళ్లు కొందరు ఏళ్ల తర్వాత ఏదో ఒక నొప్పితో మళ్లీ వచ్చేవాళ్లు. పాత చీటీ ఎప్పుడో పోయి ఉండేది. కౌంటర్లో కొత్త చీటీ, కొత్త నంబరు, కొత్త ఫైలు. కాగితం మీద ఆమె ఆ రోజే పుట్టిన రోగి. రొమ్ము సంగతి ఒక ఫైల్లో, తుంటి నొప్పి సంగతి మరో ఫైల్లో. ఆ రెండూ ఒకే మనిషివని చెప్పేవాళ్లు లేరు.

పురానాపూల్ దగ్గర బర్రెలు సాకి పాలు పోసే ఒకామె అలాగే తొమ్మిదేళ్ల తర్వాత వచ్చింది. మొదటిసారి చీటీ మీద భర్త పేరు రాయించింది. ఆయన పోయాడు కాబట్టి ఈసారి కొడుకు పేరు చెప్పింది. వయసు నోటికొచ్చినంత చెప్పింది.

"నువ్వు ఇంతకుముందు వచ్చినవ్ గదా అక్కా?" అన్నాను.

"వచ్చిన. గప్పుడు రొమ్ము కోసిండ్రు. గిప్పుడు తుంటి గుంజుతున్నది. అదేడ, ఇదేడ?" అని నన్ను ఎగాదిగా చూసింది. "నేను బర్రెలను గుర్తువట్టినట్టు నువ్వు మనుషులను గుర్తువడుతున్నవేంది?"

కింది గదిలో, పాత మూటల్లో ఆమె ఫైలు వెతికాను. కొత్త ఫైలు అట్ట మీద కుడిమూలన పాత నంబరు పెన్సిల్‌తో రాశాను. ఆ తర్వాత అదే అలవాటైంది. గుర్తుపట్టిన ప్రతి మనిషికీ రాశాను. ఒకరోజు మా పైఅధికారి చూశాడు. "ఇది సర్కారు రికార్డు, మీ ఇంటి గోడ కాదు" అని నలుగురిలో కడిగేసి, సంజాయిషీ రాయించుకున్నాడు. ఆనాటి నుంచి అంకెలు చిన్నవి చేసుకున్నాను కానీ రాయడం మానలేదు.

మరో పద్ధతి కూడా ఉండేది. ఆపరేషన్ అయి ఐదేళ్లు నిండిన ఫైళ్లను ఎర్ర గుడ్డలో మూటగట్టి కింది గదికి దించేవాళ్లం. కౌంటర్ దగ్గర ఎవరైనా అడిగితే నేను సంతోషంగా చెప్పేవాణ్ణి: "నీ ఫైలు కిందికి పోయిందమ్మా. ఇంక ఫికర్ లేదు." ఆ మాట విని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. నా చేతిలో దూద్‌పేడా పెట్టి వెళ్లినవాళ్లున్నారు.

మా చెల్లెలికీ అదే ఆపరేషన్ అయింది, పదహారేళ్ల కింద. హుస్సేనీ ఆలంలో మా ఇంటి వెనక సందులోనే దాని ఇల్లు. ఐదేళ్లు మాత్రలు మింగింది. తర్వాత డాక్టర్లు మాత్రలు ఆపారు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలని చీటీ మీద రాశారు. నేనేమో దాని ఫైలును నా చేతులతోనే మూటగట్టి దించి, ఇంటికొచ్చి సందులో వాళ్లందరికీ వినబడేలా చెప్పాను, "ఖతం, అయిపోయింది" అని. ఆ తర్వాత అది ఒక్క ఏడాది కూడా వెళ్లలేదు. వెళ్లమని నేనూ అనలేదు.

నేను రిటైరై చాలా ఏళ్లయ్యాక, పోయిన ఏడాది చలికాలంలో ఫోనొచ్చింది. చిన్న వయసు ఆడగొంతు.

"అంకుల్, ఫైళ్ల మీద పెన్సిల్‌తో నంబర్లు రాసింది మీరేనా?"

"నేనే. ఇన్నేండ్లకు మళ్ల సంజాయిషీ గావాల్నా?"

"అయ్యో, కాదంకుల్. మూడు నెలల సంది మీకోసమే దేవులాడుతున్న."

ఆమె క్యాన్సర్ డాక్టరు. పాత ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఈ జబ్బు ఎన్నేళ్ల తర్వాత ఎందరికి తిరిగి వస్తుందో అంచనా కడుతోంది. మా ఫైళ్లలో జబ్బు ఎప్పుడు బయటపడిందో రాయడానికి గడి ఉంది. మనిషి పోతే రాయడానికి గడి ఉంది. తిరిగి వచ్చింది అని రాయడానికి మాత్రం గడి లేదు. అందుకని ఆమె ఆనవాళ్లు పట్టుకుని వెళ్తోంది: ఎముకలకు తీసిన స్కాను, కొత్తగా మొదలైన మందు, రెండోసారి పెట్టిన కరెంటు, అదే రేడియేషన్. కానీ కొత్త నంబరు దగ్గరికి రాగానే ఆనవాలు తెగిపోతోంది.

"మొదటి లెక్కల ఐదేండ్ల తర్వాత ఎవ్వరికీ వాపస్ రానట్టే కనబడ్డది. అంత మంచి వార్త నమ్మబుద్ధి గాలేదు. గప్పుడు మీ పెన్సిల్ కనబడ్డది," అంది.

తిట్లు తిన్న రాత అది. ఒకరికి పనికొస్తుందని నేనే అనుకోలేదు.

నాలుగు నెలలు రోజూ పొద్దున్నే నది దాటి వెళ్లాను. అరిగిపోయిన నంబర్లు నేను చదివేవాణ్ణి, ఆమె కంప్యూటర్‌లో కొట్టేది. ఆ రోజుల్లోనే చెల్లెలు నడుముకు గుడ్డ బిగించుకుని తిరగడం మొదలుపెట్టింది. బకెట్ ఎత్తలేకపోయేది. "వయసు గదనే" అని బామ్ సీసా ఇచ్చి నా పనికి నేను వెళ్లిపోయేవాణ్ణి.

పని ముగిసిన రోజు డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది. ఎడమవైపు పైనుంచి మొదలై కుడివైపు కిందికి దిగే మెట్ల గీత. ఒక్కో మెట్టు జబ్బు తిరిగొచ్చిన ఒక మనిషి అని చెప్పింది. మొదటి ఏళ్లలో మెట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. తర్వాత దూరం దూరంగా. నేను పేర్లతో, ముఖాలతో, చేతిసంచులతో గుర్తుపెట్టుకున్న ఆడవాళ్లంతా అక్కడ పేరూ ముఖమూ లేకుండా ఒక్క దారి మీద నడుస్తున్నారు. ఎవరికి వారు ఒంటరిగా మా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు. వాళ్లు కలిసి ఇంత పెద్ద సంగతి చెబుతున్నారని వాళ్లకు తెలియదు. గుడి ముందు నిలబడినా రాని గగుర్పాటు ఆ గీత ముందు వచ్చింది.

"ఐదేండ్ల కాడ ఆగలేదేందమ్మా?" అన్నాను.

"ఆగదంకుల్. నెమ్మదిస్తది, గంతే. కొన్ని రకాలల్ల పదిహేనేండ్లకు, ఇరవై ఏండ్లకు గూడ మెట్టు దిగుతనే ఉంటది. ఇంతకూ మీరు ఫైళ్లు ఐదేండ్లకే కిందికి ఎందుకు దించేటోళ్లు?"

"పైన జాగ లేక," అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. బీరువాలు చాలక పెట్టుకున్న పద్ధతిని వైద్యం అనుకున్నాను. అనుకుని ఊరుకోక, కౌంటర్ దగ్గర నిలబడి అందరికీ పంచాను. ఇన్నేళ్లూ ఆస్పత్రినే తిట్టుకున్నాను.

"పదహారేండ్లకు నడుం నొప్పి వస్తే?" అని అడిగాను.

ఆమె తెర వదిలేసి నా ముఖంలోకి చూసింది. "ఎవరికి?"

చెప్పాను. అందుకు డాక్టరమ్మ అంది: "ఈ గీత మీ చెల్లె గురించి ఏం చెప్పలేదు అంకుల్. ఆమె లాంటోళ్లందరి గురించి చెప్తది. ఆమె సంగతి స్కాను చెప్పాలె. రేపే తీసుకురండి."

చెల్లెలు ఒక పట్టాన కదల్లేదు. "నువ్వే ఖతం అంటివి. ఇప్పుడు నువ్వే మళ్ల షురూ చేస్తున్నవ్. ఏం లొల్లి అన్నా నీది?"

"తప్పు చెప్పిన. నడువ్."

"నువ్వు తప్పు చెప్పినవా?" అని నవ్వింది. "గీ మాట వినేటందుకన్న వస్త, పా."

స్కానులో వెన్నుపూసలో కనబడింది. అదే జబ్బు, పదహారేళ్లు ఎక్కడ దాక్కుందో మరి. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది: పూర్తిగా పోదు, కానీ మందులతో అణిచి ఉంచొచ్చు, చాలామంది ఏళ్ల తరబడి బాగుంటారు, వెన్ను విరగకముందే వచ్చారు. చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకుని, "బామ్ సీసా వాపస్ తీసుకో అన్నా" అంది. దాని కొత్త ఫైలు మూలన నేను పాత నంబరు రాశాను. ఈసారి ఎవరూ వద్దనలేదు.

నొప్పి తగ్గి నడవగలిగాక, ఆ గీత తనకూ చూపించమని పట్టుబట్టింది. డాక్టరమ్మ చూపించింది.

"నేనేడున్న గిండ్ల?"

డాక్టరమ్మ కుడివైపు చివర కొత్తగా చేర్చిన చిన్న మెట్టు మీద వేలు పెట్టింది.

"ఇంతేనా? నేను వడ్డ నొప్పికి ఇంత గోడన్న ఉండాలె," అంది. తర్వాత గీత మీద అక్కడక్కడా నిలబడ్డ సన్నని గీట్లు చూసింది. "ఇవేంది?"

"వాళ్లు మళ్ల రానోళ్లు. గప్పటిదాక మంచిగున్నరని తెలుసు. తర్వాత ఏమైందో మాకు తెల్వది."

చెల్లెలు నా వైపు తిరిగింది. "మా అన్నకు తెలుసు. మస్తు మంది ఇండ్లు తెలుసు ఆయనకు. ఇంటికి పోయి చెప్పిరావాలె, ఏం అన్నా?"

డాక్టరమ్మ పైవాళ్లను అడిగి అనుమతి తీసుకుంది. ఒకసారి వచ్చి చూపించుకోమని ఆస్పత్రి తరఫున చీటీలు రాసిచ్చింది.

మొదటి ఇల్లు మా పేటలోనే, నాలుగు సందుల అవతల. నడుముకు బెల్టు పెట్టుకుని చెల్లెలు కూడా వచ్చింది. తలుపు తీసినామె నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఫైళ్ల భాయ్ గదా నువ్వు? నువ్వు చెప్పినంక నేను దవాఖాన మొకమే చూడలే. నీ నోట్ల చక్కెర వొయ్య! కూసో, చాయ్ పెడుత."

"చాయ్ తర్వాత తాగుత అక్కా," అన్నాను. గుమ్మంలోనే నిలబడ్డాను. "నేను చెప్పింది తప్పు."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చెల్లెలు ముందుకొచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"నీకేం అయిందని గాదు అక్కా. ఒక్కసారి చూపించుకో. మా అన్న మాట నేను గూడ నమ్మిన."