నల్ల గొంగడి కప్పుకొని తేనెకు పోతే

నా మొఖం జూసి నవ్వుడు ఆపుండ్రి ముందు! గిప్పుడు చానా తగ్గింది. నాలుగు రోజుల కింద చూసుంటే మీరు గూడ గుర్తువట్టకపోదురు. చాయ పోయుండ్రి, చెప్త. నిజాం మీదికి దండెత్తి మన మెదక్‌కు వచ్చిన యూనియన్ మిలిటరీని నడి రోడ్డు మీద బోర్లా పండబెట్టిన మొగోడు ఎవడంటే... మిషన్ బడిల లెక్కలు చెప్పే దేవదానం. అవును, నేనే!

మా బిడ్డ సువార్త సంగతి ఎర్కనే గద. అయిదేండ్ల పిల్ల. పది రోజులసంది కోరింత దగ్గు. షురువయితే మొఖం నీలంగ అయితది, ఊపిరి లోపలికి గుంజుకునేటప్పుడు పిట్ట కూసినట్టు సప్పుడు. ఆ సప్పుడు వినవడేదాంక నా ఊపిరి గూడ ఆగేది. మిషన్ దవఖాన డాక్టరమ్మనేమో చుట్టాలింటికి పోయి, బస్సులు బందయి ఆడ్నే చిక్కుకుంది. ఊర్ల ఎవలొస్తున్నరో, ఎవలు పోతున్నరో తెల్వదు. విమానాలు తిరుగుతున్నయంటడు ఒకడు. చేగుంట తొవ్వల మిలిటరీ లారీలు కనవడ్డయంటడు ఇంకొకడు. భయంతోని అన్నం గూడ సయించని రోజులు.

మా ఎన్క ఇంటి పోశవ్వ వచ్చి పిల్ల ఛాతీ మీద చెయ్యివెట్టి చూసింది. మా గల్లీల సగం కాన్పులు ఆమె చేతుల మీదనే అయినయ్.

"పంతులూ, చెట్టు మీది తాజా తేనె పట్టుకరా. అల్లం రసంల రంగరించి తినిపిస్త. దగ్గు తగ్గకపోతే నన్నడుగు."

తేనె తీసే మనిషేమో పదిహేను రోజుల కిందనే ఊరిడిసిపోయిండు. ఇగ నేనే పోవాలె. "నాకు రాదవ్వా" అంటే ముసల్ది వింటదా? నన్ను కూసోబెట్టి నాకే పాఠం చెప్పింది.

"పిడకల మీద పచ్చి యాపాకు ఏసి పొగ వెట్టు. గాలి నీ ఈపు దిక్కు నుంచి రావాలె. తేనె ఉన్న కొస వరకే కొయ్యి, పిల్ల పురుగులున్న కాడ ముట్టకు, పాపం తలుగుతది. ఇంకోటి యాదుంచుకో. తెల్ల బట్టనే కప్పుకోవాలె. నల్లగ, బొచ్చుగ ఏది కనవడ్డా అవి తేనె తినొచ్చిన గుడ్డెలుగు అనుకుంటయి. ఎంటవడితే ఇడిసిపెట్టయి!"

అంతా మంచిగనే విన్న. ఇంటికొచ్చి ధోతి కోసం చూస్తే లేదు!

ఇంటి ముందట తెల్ల బట్ట ఉంటే మిలిటరోళ్లు ఏమనరని గల్లీల ఎవడో చెప్పిండట. ఉన్న ఒక్క తెల్ల ధోతిని నా పెండ్లాం రూతమ్మ కట్టెకు కట్టి వాకిట్ల పాతింది.

"ఒక్క గంట ఇయ్యవే, మల్ల కడ్తువు" అన్న.

"ఆ గంటల్నే వాళ్లొస్తే? ఇంట్ల పిల్ల ఉన్నది. ధోతి మీద చెయ్యేసి చూడు చెప్త!"

పోనీ తెల్ల దుప్పటి తీసుకుందామంటే అది ఎన్క దర్వాజకు కట్టింది. రెండు దిక్కుల నుంచి వస్తే ఎట్లనంట! ఇగ మిగిలింది మా తాత నాటి నల్ల గొంగడి. లెక్కల పంతులును గద, లెక్కేసిన. గొంగడి మందం, ఈగ ముల్లు చిన్నది. దిగదు.

ఖిల్లా కింద రోడ్డు పక్కన చింతచెట్టుకు, చెయ్యందే కొమ్మకే తుట్టె ఉన్నది. నడుముకు కొడవలి, ఒక చేతిల ముంత, ఇంకో చేతిల పిడక, యాపాకు కట్టిన పొగ కట్టె. ఒంటి నిండ గొంగడి. మొదలు ఒక ఈగ వచ్చి గొంగడి మీద వాలింది. తర్వాత పది. తర్వాత లెక్క తప్పింది.

ముంత ఆడ్నే పారేసి ఉరికిన. ఎటు ఉరుకుతున్ననో నాకే తెల్వదు. రోడ్డెక్కిన. సరిగ్గ గప్పుడే మలుపుల మిలిటరీ లారీ!

"హాథ్ ఊపర్!"

ఒక్కసారి నన్ను వాళ్ల కండ్లతోని చూడుండ్రి. నల్ల గొంగడి, కొడవలి, చేతిల పొగలు కక్కే కట్టె. వాళ్ల మీదికే ఉరికొస్తున్న! నాలుగు తుపాకులు నా దిక్కు తిరిగినయ్. అయిపోయిందనుకున్న. ఆడ పిల్ల దగ్గుతున్నది, ఈడ నేను సస్తున్న. చేతులెత్తిన. ముక్కు మీద ఒకటి కుట్టింది. చెయ్యి దించిన. "ఊపర్!" ఎత్తిన. చెవు మీద కుట్టింది. దించిన. "ఊపర్!" బడిల పిల్లలకు డ్రిల్ చేయించేటోన్ని, నడి రోడ్డు మీద నాతోనే చేయించిన్రు.

"తేనె సాబ్! పిల్లకు పాణం బాగలేదు సాబ్!" అని నాకొచ్చిన ఉర్దూల ఒర్లిన. అది వాళ్లకు అర్థమయ్యేలోపే ఈగలు వాళ్లను గూడ అందుకున్నయ్. ఇగ చూడాలె! లారీ కింద దూరినోడు దూరిండు, రోడ్డు మీద బోర్లా పడ్డోడు పడ్డడు. తుపాకులొక దిక్కు, టోపీలొక దిక్కు.

పెద్ద మీసాల హవల్దార్ ఒకాయన మాత్రం లారీలనే కూసొని, "ఆ గొంగడి ఇసిరెయ్‌రా!" అన్నడు. ఇసిరేసిన. ఈగలన్నీ గొంగడి మీదికే పోయినయ్. వాళ్ల ఊర్ల వాళ్ల తాత తేనె తీసేటోడట. ఈగలు సల్లబడ్డంక తెల్ల తువ్వాల కప్పుకొని, నా పొగ కట్టెనే తీస్కొని నిమ్మళంగ చెట్టు కాడికి పోయిండు. కొస కోసి, ముంత నింపి తెచ్చిండు. ఒక్క ఈగ ముట్టలే! నా కండ్లు మూసుకపోయినయని లారీల ఎక్కించుకొని ఇంటికాడ దించిండు. లారీ సప్పుడుకు రూతమ్మ ధోతి కట్టె పట్టుకొని ఊపుకుంట బయటికొచ్చింది. దిగింది నేనని పోల్చుకునేతందుకు ఆమెకు జర సేపు పట్టింది.

పోశవ్వ పొద్దుమాపు తినిపిచ్చింది. మూడో నాటికి పిల్ల దగ్గకుండ కమ్మగ నిద్రపోయింది. నిన్న డాక్టరమ్మ గూడ వచ్చి, గండం గడిచిందన్నది. సిగ్గెందుకు, ఆ మాట విన్నంక పొయ్యి కాడ కూసొని ఏడ్చిన.

గిప్పుడు ఇంటికి ఎవలొచ్చినా మా సువార్తనే అడుగుతున్నరు.

"తేనె ఎవలు తెచ్చిన్రు బిడ్డా?"

"మిలిటరీ మామ."

"తినిపిచ్చిందెవలు?"

"పోశవ్వ."

"మరి మీ నాయినేం జేసిండు?"

పిల్ల నా దిక్కు చూస్తది.

"నాయిన ఉరికిండు."