మా అత్తమ్మ కాగితాల తోరణం

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు రావల్కోల్‌లో అందింది. అమ్మకు జ్వరమంటే చూడడానికి వెళ్లి అప్పటికి రెండు రోజులైంది. మేడ్చల్ స్టేషన్ పక్కన మిషన్ కుట్టే సాయిబు సైకిల్ తొక్కుకుంటూ వచ్చి మా పుట్టింటి వాకిట్లో దిగాడు. మిషన్ వదిలి ఆయన అంత దూరం రావడం చూడగానే నాకు సగం అర్థమైంది. మిగతా సగం ఆయన నిలబడే చెప్పాడు.

"అమ్మ పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఆనుకొని కూసున్నది, గంతే. తక్లీఫ్ ఏం పడలే."

ఎవరికీ తక్లీఫ్ ఇవ్వకుండా పోవడం ఆమెకు తగ్గ పనే. అయినా నాకు కోపం వచ్చింది. ఏడేళ్లు పొద్దున్నే చాయ్ పెట్టిచ్చింది నేను, ఆఖరి చాయ్ మాత్రం నేను లేనప్పుడు తాగింది. దుఃఖం కన్నా ముందు నాకెప్పుడూ కోపమే వస్తుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. కానీ క్రిస్మస్ నాడు మేడ్చల్ చర్చికి వచ్చినవాళ్లకు ఆమె చేతిపని తెలిసే ఉంటుంది. చర్చి తలుపు మీది నుంచి గేటు పక్క వేపచెట్టు దాకా రంగు కాగితాల జెండాలు వరుసగా రెపరెపలాడేవి చూశారా, ఆ తోరణం ఆమెదే. పసుపు, నీలం, నారింజ. మళ్లీ పసుపు, నీలం, నారింజ. మూడింటిలో నీలం మధ్యలో పడాలి. ఆ వరుస ఎవరు పెట్టారని అడిగితే, "మా అత్త గిట్లనే కట్టేది" అని ఒక్క మాటలో తేల్చేసేది.

నేను కోడలిగా వచ్చేసరికి యుద్ధం జరుగుతోంది. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధమైతే మేడ్చల్‌లో కాగితం ఎందుకు దొరకదో నాకు అర్థమయ్యేది కాదు. రంగు కాగితం సంగతి సరే, తెల్ల కాగితానికే కరువు. అత్తమ్మ బడికి వెళ్లి పిల్లలు రాసి పారేసిన నోటు పుస్తకాలు అడిగి తెచ్చేది. వాటిని విప్పి, ఒక్కో కాగితం రంగులో ముంచి దండెం మీద ఆరేసేది. పసుపు రంగుకు పసుపే. నీలానికి నీలిమందు, అందులో ఇంత ఉప్పు. నారింజకు మోదుగపూలు. ఎండలు ముదరకముందే షామీర్‌పేట వైపు నడిచివెళ్లి, ఒడినిండా ఏరుకొచ్చి, ఎండబెట్టి కుండలో దాచేది. డిసెంబర్‌లో ఆ పూలు ఉడకబెట్టి పటిక వేసేది. ఎంత రంగు పట్టినా కింద పిల్లల రాత కనిపిస్తూనే ఉండేది. ఆ రోజుల్లో మా చర్చి తోరణం చూస్తూ పన్నెండో ఎక్కం అప్పజెప్పుకోవచ్చు.

ఏడు తరగతులు చదివానని నాకు కాస్త గర్వం. మొదటి ఏడు కత్తెర అందుకుని నేను కూడా నాలుగు జెండాలు కత్తిరించాను. అంచులు ఎలుక కొరికినట్టు వచ్చాయి. ఆమె నవ్వలేదు, నా చేతిలో కత్తెర సరిచేసి, "కత్తెర నిలవడాలె బిడ్డా, కాయితం తిరగాలె" అంది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు వేసి, మడత మీద బొటనవేలు ఒకసారి నడిపి, కత్తెర కదలకుండా పట్టి కాగితాన్ని తిప్పేది. విప్పితే నడుమ నక్షత్రం విచ్చుకునేది. మరో ఏడు ఆమె కాచే చింతగింజల జిగురు వద్దని నేను బియ్యప్పిండితో జిగురు కాచాను. పొద్దున లేచి చూస్తే పక్కింటి మేక గోడెక్కి పది జెండాలు తినేసి ఉంది. "పోనీయ్, దానికి గూడ పండుగైంది" అని మళ్లీ మడతలు వేయడానికి కూర్చుంది.

ఆమెకు ఒక అలవాటుండేది. జెండాను దారానికి అంటించే ముందు దాని కొసను నాలుకకు తాకించేది. కూరలో ఉప్పు చూసినట్టు రంగు ఎంత పట్టిందో చూస్తోందనుకున్నాను. మూడేళ్లు నా కళ్లముందే జరిగినా ఎందుకని అడగాలని తోచలేదు.

యుద్ధం అయిపోయిన ఏడు సికింద్రాబాద్ దుకాణాల్లోకి రంగు కాగితాలు మళ్లీ వచ్చాయని తెలిసింది. నేను రైలెక్కి వెళ్లి మూడు రంగులూ కొనితెచ్చాను. ఎంత నిగనిగలాడుతున్నాయో, ఆమె ముఖం వెలిగిపోతుందనుకున్నాను. చుట్ట విప్పి ఒళ్లో పెట్టాను. ఆమె తడిమింది. ఒక కాగితం కొసను నాలుకకు తాకించింది. ఇంకొకటి తాకించింది. తర్వాత చుట్ట పక్కకు నెట్టి, "గీ దుకాణం కాయితాలు నాకొద్దు. ఉత్తయి. పాణం లేదు వీట్ల" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అంత దూరం పోయి తెచ్చినదానికి ఒక మంచి మాటన్నా లేదు. నేనూ ఊరుకోలేదు, మీ పాత కాగితాల మీద ఎక్కాలు చదువుకోలేక చస్తున్నామని అనేశాను. మా ఆయన మధ్యలోకి వచ్చి, తెచ్చిన కాగితం పారేస్తామా, ఈసారికి దాంతోనే కట్టమని తల్లికి చెప్పాడు. ఆమె చుట్టను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఏటా నేను పక్కన కూర్చుని జెండాలు అందించేదాన్ని, ఆ ఏడు అలిగి దగ్గరికే వెళ్లలేదు. ఒక్కతే కూర్చుని తోరణమంతా కట్టింది.

పండుగ ముందురోజు పొద్దున మా ఆయన నిచ్చెన వేసి తోరణం కట్టాడు. తలెత్తి చూసిన నేను అక్కడే నిలబడిపోయాను. ఐదు నారింజలు వరుసగా ఉన్నాయి. తర్వాత రెండు నీలాలు. ఎక్కడో ఒక పసుపు, మళ్లీ నారింజలు. నా మీద కోపంతో కావాలనే కట్టిందనుకున్నాను. పండుగ పూట, దేవుని గుడి ముందర కూడా సాధింపేనా అని ఒళ్లు మండిపోయింది. అడిగేద్దామని గబగబా దగ్గరికి వెళ్లాను.

ఆమె తోరణం కింద నిలబడి ఉంది. కొంగు సర్దుకుని, తల ఎత్తి, ముఖం నిండా సంతోషంతో ఉంది. నా అడుగుల చప్పుడు విని అడిగింది.

"నీలం మధ్యల వడ్డదా, బిడ్డా?"

నేను తలెత్తి తోరణాన్ని మళ్లీ చూశాను. నాలుకకు ఎందుకు తాకించేదో ఒక్కసారిగా తెలిసింది. చేదు పసుపు, ఉప్పన నీలం, వగరు నారింజ. దుకాణం కాగితానికి రుచి ఎక్కడిది? ఆమె దగ్గరున్న ఒక్క ఆధారాన్ని నేను సికింద్రాబాద్ పోయి మరీ తీసేసి వచ్చాను.

"వడ్డదత్తమ్మా" అన్నాను.

అంతలో సంఘ పెద్ద వచ్చాడు. మంచివాడే కానీ ఆయన గొంతు మాత్రం ఊరంతటికీ వినబడుతుంది. ఎవరు కట్టిన్రిది అని అడిగాడు. అత్తమ్మకు చెయ్యి నొప్పిగా ఉంటే నేనే కట్టానన్నాను. చదువుకున్న పిల్లవు, మూడు రంగులు వరుసన పెట్టరాదా అని నలుగురిలో కడిగేశాడు. వచ్చే ఏడు పట్నం నుంచి గుడ్డ జెండాలే తెప్పిద్దాం, ఈ కాగితాల పని చాలు అని కూడా అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. పక్కనే ఉన్న అత్తమ్మ కూడా అన్నీ విన్నది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుంది. అంతకుముందు ఎన్నడూ పట్టుకోలేదు. వాకిట్లోకి వచ్చాక గోడ పక్కన కూర్చుని చెప్పింది.

"మూడేండ్లాయె బిడ్డా. మొకాలు గూడ మబ్బు మబ్బే. ఎవ్వరికి చెప్పకు. తెలిస్తే ఓ మూలకు కూసోబెడ్తరు. ఇల్లు నీదైంది, పొయ్యి నీదైంది, నాకేం బాధ లేదు. గీ తోరణమొక్కటే నాది. దీన్ని తీస్కుంటరు."

చెప్పనని మాటిచ్చాను. పదిహేను రోజులు నిలబెట్టుకున్నాను కూడా. ఒకరోజు మా చిన్నపిల్లకు ఆమె బువ్వ తినిపిస్తోంది. ముద్ద నోటికి కాకుండా బుగ్గకు తగిలింది. పిల్ల ఆటనుకుని కిలకిల నవ్వింది, ఆమె కూడా నవ్వింది. రెండోసారి ముద్ద ముక్కుకు తగిలింది. ఇద్దరూ మళ్లీ నవ్వారు. గిన్నె అందుకుని మిగతా బువ్వ నేనే తినిపించాను. ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పేశాను. ఆయన సాయిబుకు చెప్పాడు. సాయిబు వాళ్ల అమ్మకు కూడా కంట్లో పొర వస్తే పట్నం పెద్ద దవాఖానాలో తీశారట, ఇప్పుడామె సూదిలో దారం ఎక్కిస్తోందట.

దవాఖానా మాట ఎత్తగానే అత్తమ్మకు సంగతి తెలిసిపోయింది, వారం రోజులు నాతో మాట్లాడలేదు. నా చేతి కూడు ముట్టలేదు, ఎంతసేపు పట్టినా తానే తడుముకుని వండుకుంది. మాట తప్పినదాన్ని, పడ్డాను. ఎనిమిదో రోజు తనంతట తానే నోరు విప్పింది. ఉన్న మసక కూడా పోతే తన గతేంటని అడిగింది. అలా పోయినవాళ్లు ఉన్నారని నాకూ తెలుసు. నాకు చేతనైన మాటే చెప్పాను.

"పోతే, నీ పక్కపొంటి కూసోని రంగు నేను జెప్త. చెయ్యి నీదే. తోరణం ఎవ్వరిని ముట్టనియ్య."

"సంఘ పెద్దనో?"

"ఆయనను గూడ ముట్టనియ్య."

"అయితే రైలెప్పుడున్నదో అడుగు" అంది.

దవాఖానాలో ఒక కంటికి పొర తీశారు. కట్టు విప్పేదాకా తల కదల్చకూడదన్నారు. తల కదల్చలేదు కానీ చేతులు ఊరుకుంటాయా? దుప్పటి అంచును నాలుగు మడతలు వేయడం, బొటనవేలితో నొక్కడం, విప్పడం. పగలంతా అదే పని. ఆ వేళ్లను చూస్తూ నేను చేసినంత ప్రార్థన చర్చిలో కూడా ఎన్నడూ చేయలేదు. కొన్నాళ్లకు మందపాటి అద్దాలు ఇచ్చారు. పెట్టుకుని మొదట నన్నే చూసింది. మూడేళ్లకు నా ముఖం చూసి, "గింత చిక్కినవేంది?" అంది. అంతే, నేను ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక పెట్టెలోంచి ఆ ఏటి తోరణం తీయమంది. మంచం మీద పరిచి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "గిట్ల గట్టినదాని కింద నిలవడి పాస్టరు అయ్యగారు దీవెనిచ్చిండా!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి అద్దాలు తీసి తుడుచుకుంది. నేను సంఘ పెద్దతో ఆడిన అబద్ధం గురించి ఒక్క మాట అనలేదు. ఆ రోజు నా చేతికి తాటిబెల్లం ముక్క ఇచ్చి, తిను అంది. నాకు అది చాలు.

ఆ తర్వాత మూడు క్రిస్మస్‌లు ఆమె కళ్లతో చూసి కట్టింది. ఊళ్లలో గడబిడలు జరిగి, జనం ఇంటి నుంచి బయటికి రావడానికి భయపడిన ఏడు కూడా తోరణం ఆపలేదు. గుడ్డ జెండాల మాట ఎవరూ మళ్లీ ఎత్తలేదు. సమాధి కార్యక్రమం రోజున సంఘ పెద్ద నా దగ్గరికి వచ్చి, ఈ డిసెంబర్‌కు కాగితం ఎంత కావాలని అడిగాడు. ఆమె ఎంత తెచ్చేదో అంతే చెప్పాను. నా అంచులు ఇప్పటికీ ఆమె అంచులంత నున్నగా రావు. రావడానికి ఇంకా ఏళ్లున్నాయి నాకు.

ఆమె తలపుకొస్తే నాకు ముందుగా కనబడేది, అద్దాలు వచ్చాక జరిగిన మొదటి క్రిస్మస్ పొద్దు. గంట కొట్టారు. అందరం లోపలికి వెళ్లి కూర్చున్నాం. మొదటి పాట అయిపోయింది, ఆమె చోటు మాత్రం ఖాళీగా ఉంది. పిల్లను చంకనేసుకుని బయటికి వచ్చాను. చల్లగాలికి తోరణం సన్నగా చప్పుడు చేస్తోంది. ఆమె దాని కింద తల పూర్తిగా వెనక్కి వాల్చి, అద్దాలు జారకుండా ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పిలుచుకుపోదామని దగ్గరికి వెళ్లాను. నా వైపు చూడనేలేదు.

"ఆగు బిడ్డా, ఇంక సగం గూడ సూడలే" అంది.

లోపల రెండో పాట ఎత్తుకున్నారు. ఆమె ఒక అడుగు పక్కకు వేసి తర్వాతి జెండా కిందికి వచ్చి నిలబడింది.