అరచేతిలో తూకం

పద్మారావు నగర్‌లోని మా చిన్న ఆఫీసులో ఒక మేడం ఉండేవారు. ఏ లెక్క చెప్పాలన్నా ముందు అరచేయి చాచి, బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాలు తూచినట్టు కాసేపు ఊపేవారు.

చూపులేని పిల్లలకు కథలు వినిపించే యాప్ చేస్తున్నాం. ఫైళ్లను కుదించి దాచే ప్రోగ్రాం నేనే రాశాను. కథ ఎంత పెద్దదో యాప్ అడిగితే అది కుదించిన సైజే చెప్పేది. యాప్ అంతమేరకే చదివేది, దాంతో ప్రతి కథా ముగింపుకు ముందే ఆగిపోయేది.

"జెర ఎక్కువ చెప్పిస్త మేడం, సరిపోతది," అన్నాను.

ఆమె అరచేయి ఊగింది. "విప్పినంక ఎంతుంటదో గంతే చెప్పాలె. తెల్వకుంటే చుప్ ఉండాలె. అందాజ చెప్పొద్దు."

అలాగే సరిదిద్దాను. కథలు చివరిదాకా వినిపించాయి.

ఆమె ఉద్యోగం మానేసిన సాయంత్రం, "మళ్లెప్పుడు కలుస్తం మేడం?" అని అడిగాను. అరచేయి చాచారు. కిటికీలోంచి వచ్చిన ఎండ అందులో చాలాసేపు ఊగింది. ఏమీ చెప్పకుండానే గుప్పిట మూశారు.