మా అత్త రిపోర్టు బాగుందని నవ్వాను

మా అత్త రక్తంలో ఒక ప్రోటీన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. అది క్యాన్సర్ కాదు, కానీ అలా మారే అవకాశం ఉందని ఆరు నెలలకోసారి పరీక్ష చేయిస్తాం. ఈ రోజు ప్రొద్దుటూరు డాక్టరు రిపోర్టు చూసి, పెరగలేదన్నాడు. బయటికి రాగానే అత్తను వాటేసుకుని గట్టిగా నవ్వేశాను.

అదే జబ్బున్న భర్తతో రాజుపాలెం నుంచి వచ్చానని, మేం లోపలికి వెళ్లే ముందు మాతో చెప్పిన ఒకామె పక్క బెంచీ మీదే కూర్చుని ఉంది.

"మీ ఆయనకు ఏమన్నారక్కా?" అని అప్పుడు అడిగాను.

"క్యాన్సర్‌గా మారిందంటమ్మా. పోనీలే, మీ అత్తన్నా బాగుండాది," అంటూ ఆమే నా చెయ్యి నిమిరింది.

జమ్మలమడుగు బస్సెక్కాక అత్త అంది: "నవ్వే ముందు ఆమెనొక మాట అడగల్ల గదా!"

ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. మీరైతే ఆ నవ్వు ఆపుకోగలిగేవారా? నేనైతే ఆమె పేరు కూడా అడగలేదు.