వెనకే ఉన్నానని చెప్పిన ముప్పై ఏడు కిలోమీటర్లు

ముందుగా క్షమాపణలు. అగ్నిపర్వతం ఉందని విని లావా కోసం వచ్చిన పాఠకులకు, సాహసం కోసం వచ్చిన యువతకు, గేర్ల గురించి జ్ఞానం ఆశించి వచ్చిన పెద్దలకు, చేతులు జోడించి, తల వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మోకాళ్ల మీద కూడా పడేవాణ్ణి, కానీ ప్రస్తుతం అవి వంగే స్థితిలో లేవు. ఇందులో ఉన్న అగ్నిపర్వతం చల్లారి వేల ఏళ్లయింది. సాహసం ఉంది కానీ అది నాది కాదు, మా పిన్నిది.

మా సుజాత పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, సిడ్నీలోని బ్లాక్‌టౌన్‌లో ఒక ఏజ్డ్ కేర్ హోంలో, అంటే వృద్ధాశ్రమంలో, పనిచేస్తుంది. తెనాలిలో కాలేజీకి సైకిలు మీదే వెళ్లింది, ఇక్కడ ఉదయం ఆరింటి షిఫ్టుకీ సైకిలు మీదే వెళ్లేది. కిందటేడు రౌండబౌట్ కూడలి దగ్గర ఒక కారు వెనక నుంచి తగిలి మణికట్టు విరిగింది. ఎముక రెండు నెలల్లో అతుక్కుంది, భయం మాత్రం పోలేదు. వెనక టైరు చప్పుడు వినిపిస్తే చాలు, బ్రేకులు నొక్కి దిగిపోతుంది. ఆ వేళకి బస్సు లేదు, బాబాయి నైట్ డ్యూటీ నుంచి వచ్చేది ఏడింటికి. “కార్లు రాని చోట ఒక్కసారి తొక్కి చూస్తానురా. కుదర్లేదా, సోమవారమే సైకిలు అమ్మేసి ఆ షిఫ్టు మానేస్తా,” అంది. మానడం ఆమెకి ఇష్టం లేదు. పొద్దున్నే పిన్ని చేత తప్ప ఇంకెవరి చేతా జడ వేయించుకోని ఒక ముసలావిడ అక్కడుంది.

రక్షకుడిగా ఇంటిల్లిపాదీ నన్ను ఎన్నుకున్నారు. నా అర్హత ఏమిటంటే, పారమట్టాలో ఆఫీసుకి నేను ట్రైన్లో వెళ్లినా సైక్లింగ్ టీషర్టు వేసుకుని వెళతాను.

మేం ఎంచుకున్నది విక్టోరియా రాష్ట్రంలో వార్నంబూల్ నుంచి పోర్ట్ ఫెయిరీ దాకా ఉన్న దారి. ఒకప్పుడు రైలు పట్టాలుండేవి, ఇప్పుడవి తీసేసి కంకర పరిచారు. పొడవు ముప్పై ఏడు కిలోమీటర్లు. అక్కడక్కడా రోడ్డు దాటడం తప్ప కార్లతో సంబంధం లేదు. శుక్రవారం ఉదయం సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి గంటన్నర విమానం, అక్కడి సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి వార్నంబూల్‌కి మూడున్నర గంటలు దాటి రైలు. ఇక్కడ ఫిబ్రవరి అంటే ఎండాకాలం, కిటికీలోంచి చూస్తే గడ్డి ఎండి గోధుమరంగుకి తిరిగింది. పొలాల గట్లకి నల్ల లావా రాళ్లు పేర్చి ఉన్నాయి. “పల్నాడులా ఉందిరా,” అంది పిన్ని. నేను పల్నాడు చూడలేదు కాబట్టి గంభీరంగా తలూపాను.

శనివారం ఎనిమిదింటికి సైకిళ్లు అద్దెకిచ్చే షాపుకి వెళ్లాం. రోజుకి సైకిలుకి యాభై డాలర్లు, సాయంత్రం పోర్ట్ ఫెయిరీ నుంచి వ్యాన్లో వెనక్కి తెచ్చే ఖర్చు వేరు. షాపు ఆయన బ్రయన్, తెల్ల గడ్డం, అరవై దాటినవాడు, బ్రేకులు చూపిస్తూండగానే పిన్ని సంచీలోంచి రెండు నిమ్మకాయలు తీసి నా సైకిలు ముందు చక్రం కింద ఒకటి, తన దాని కింద ఒకటి పెట్టింది. తర్వాత కర్పూరం బిళ్ల, అగ్గిపెట్టె తీసింది.

బ్రయన్ మొహం మారిపోయింది. “నో నో నో, లవ్! ఇవాళ మాత్రం వద్దు. ఆ గడ్డి చూశావా? నిప్పురవ్వ పడితే ఊరు మిగలదు.” మనం ‘అమ్మా’ అనేచోట ఇక్కడివాళ్లు ‘లవ్’ అంటారు.

“జస్ట్ టూ సెకండ్స్ అండీ, ఫర్ సేఫ్టీ,” అంది పిన్ని.

“సేఫ్టీ కోసమే చెబుతున్నా.”

పిన్ని చెయ్యి అగ్గిపెట్టె మీదే ఆగిపోయింది. హారతి లేకుండా బండి కదపడం ఆమె వంశంలోనే లేదు. బ్రయన్ లోపలికెళ్లి తన సైకిలు హెడ్‌లైటు తెచ్చి, వెలిగించి మా సైకిళ్ల చుట్టూ మూడుసార్లు తిప్పి, “ఇది పనికొస్తుందా?” అన్నాడు. పిన్ని కళ్లకి అద్దుకుంది. నిమ్మకాయలు పగిలాయి. బయల్దేరాం.

“వెనకే ఉండరా. వెనక నువ్వున్నావని తెలిస్తే నాకు చాలు,” అంది. అంతే నా ఉద్యోగం. ప్రతి రెండు నిమిషాలకీ తల తిప్పకుండానే, “ఉన్నావురా?” అని కేకేసేది. “ఉన్నా పిన్నీ!” అనేవాణ్ణి. మెర్రీ నది పక్కన పోయేటప్పుడు రెండుసార్లు దిగిపోయింది. ఒకసారి వెనక వచ్చింది పరుగు తీసే అమ్మాయి, ఇంకోసారి నా సైకిలే. “నువ్వైతే చెప్పాలిగా!” అని తిట్టింది.

తొమ్మిదిన్నరకి టవర్ హిల్ దగ్గరికి వచ్చేసరికి హ్యాండిల్ మీద పిన్ని బిగింపు సడలింది. ఇదే ఆ అగ్నిపర్వతం. పేలి కూలిన నోరు, లోపల చిన్న సరస్సు, అంచున ఎండిన కొండ. కంచె అవతల ఒక ఈమూ నిలబడి మా ఇద్దరినీ ఇంటర్వ్యూ బోర్డులా చూసింది. “దీని వెనక కారొచ్చినా తిరిగి చూడదేమో,” అంది పిన్ని. అక్కణ్ణుంచి ఆమె కేకలు ఐదు నిమిషాలకొకటి అయ్యాయి.

కొరాయిట్ ఊరు దాదాపు సగం దూరం. పార్కులో బల్ల మీద డబ్బాలు విప్పింది. పులిహోర, పెరుగన్నం, మాగాయ, ఆపైన ఇంకో పులిహోర. అది దారిలో ఎవరైనా అడిగితే ఇవ్వడానికట. ఎవరూ అడగలేదు, అదీ నేనే తిన్నాను. బయల్దేరేసరికి పన్నెండున్నర. నల్లమట్టి బంగాళాదుంప పొలాలు, నీడ లేని దారి, సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. ఆ తర్వాతి దారి గురించి ఎక్కువ రాయను, ప్రకృతి వర్ణన నాకు చేతకాదు.

రెండున్నరకి పోర్ట్ ఫెయిరీలో పిన్నిని కలిశాను. ఫోటోల కోసం కాస్త వెనకబడ్డానని చెప్పాను. రేవు దగ్గర బెంచీ మీద చిప్స్ పొట్లంతో కూర్చుంది. శనివారం కాబట్టి చేపలు వేయించిన నూనె కాదు కదా అని కొట్లో కుర్రదాన్ని మూడుసార్లు అడిగి మరీ కొన్నదట. మొహమంతా దుమ్ము. “చివర్లో రోడ్డు కూడా దాటానురా, దిగకుండా! కారాయన ఆగి చెయ్యి ఊపాడు. నేనూ ఊపా. ఒంటి చేత్తో!” అంది. విరిగిన మణికట్టు పైకెత్తి చూపించింది.

సోమవారం ఆ సైకిలు అమ్మలేదు. ఇప్పుడు కాలవ పక్క దారిలో చుట్టు తిరిగి షిఫ్టుకి వెళుతోంది, పావుగంట ఎక్కువ పడుతుందట. ఆ ముసలావిడ జడ ఆలస్యం కాలేదు. భయం పోయిందా అంటే పోలేదు, ఇప్పటికీ కారు చప్పుడికి భుజాలు బిగుస్తాయి, కానీ దిగదు. ఒక మనిషి ధైర్యం తెచ్చుకోవడానికి ఎంత ఖాళీ చోటు కావాలో నాకు ఆ గాలిలో మొదటిసారి తెలిసింది.

వెళ్లేవాళ్లకి ఒకే సలహా: కొరాయిట్‌లో రెండు నీళ్ల సీసాలూ నింపుకోండి, తర్వాత మాకు ఎక్కడా కుళాయి కనపడలేదు. రెండో పులిహోర మాత్రం వదిలేయండి.

ఎందుకంటే, పోర్ట్ ఫెయిరీకి ఇంకా ఎనిమిది కిలోమీటర్లుండగా నా పిక్క పట్టేసింది. ఫోటోలూ లేవు, పాడూ లేదు. సైకిలు పక్కన పడేసి, గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. పిన్ని అప్పటికే చిన్నగా కనిపిస్తోంది. గాలిలో సన్నగా కేక వినిపించింది, “ఉన్నావురా?” అని. ఆగమని అనొచ్చు. ఆగేది, దిగేది, తిరిగి ఎక్కేదో లేదో. పిన్నీ, నువ్వు ఇది చదువుతావని తెలిసే రాస్తున్నాను. ఆ రోజు మొత్తం మీద నేను నిజంగా చేసిన పని ఒక్కటే. పడుకున్నచోటు నుంచే, ఊపిరంతా కూడదీసుకుని, “ఉన్నా పిన్నీ!” అని అరిచాను.