కాంపౌండరయ్య నేర్పిన స్పానిష్

మా కాంపౌండరయ్య పోయారని నిన్న తిరుపతి బస్సులో వచ్చిన ఆయన అల్లుడు చెప్పి వెళ్ళాడు. నేను చిత్తూరు ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. విని, చేతిలో ఉన్న కట్టు పూర్తిగా కట్టి, మిగిలిన గుడ్డ చుట్టిపెట్టి, ఆ తర్వాతే పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. కట్టు సగంలో వదిలితే ఆయన ఊరుకునే మనిషి కాదు.

పూతలపట్టు దగ్గర రోడ్డు పక్కన ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. యుద్ధం రోజుల్లో నేను అక్కడ నర్సుగా చేరాను. డాక్టరమ్మ స్పెయిన్ దేశపు సన్యాసిని. తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. వచ్చే రోగులకు తెలుగు, కాస్త అరవం. ఇద్దరి మధ్యా మాట నడిపింది కాంపౌండరయ్యే. తిరుపతి మనిషి, నుదుట నిలువు నామం. మందు సీసాలకు మోతాదు కాగితాలు అంటిస్తూనే ఆమె దగ్గర జబ్బు మాటలు ఒక్కొక్కటీ నేర్చుకుని, తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకున్నారు.

"ఆ బాసలో నాకు అంగడికి పోయి ఉప్పు అడిగేది రాదు పాపా. కడుపునొప్పి సెప్పేది మాత్రం బాగా వస్తాది" అని నవ్వేవారు.

నేను చేరిన వారానికే నాకూ పాఠాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం రోగులు వెళ్ళిపోయాక ఆయన డాక్టరు, నేను రోగి. "దోందె లె దువేలె?" అనేవారు. ఎక్కడ నొప్పి అని. నేను తల పట్టుకుని "మె దువేలె లా కబేథా" అనాలి. తల నొస్తోందని. నామం పెట్టుకున్న పెద్దాయన నోట ఆ మాటలు వింటే నాకు నవ్వాగేది కాదు. "నవ్వతా సెప్తే ఎవురు నమ్ముతారు? నొప్పిగా మొగం పెట్టు" అని కసిరేవారు.

ఒకసారి ఒక ముసలమ్మ గుండెలో ఎవరో కవ్వం పెట్టి చిలుకుతున్నట్టుందని చెప్పింది. నేను డాక్టరమ్మకు గుండె నొప్పి అని ఒక్క ముక్కలో తేల్చేశాను. కాంపౌండరయ్య మందుల గదిలోంచి వచ్చి, కవ్వానికి ఆ భాషలో మాట తెలియక, రెండు చేతులతో తాడు లాగి చిలికి చూపించారు. డాక్టరమ్మ గొట్టం చెవుల్లో పెట్టుకుని చాలాసేపు విన్నది. ముసలమ్మ వెళ్ళాక ఆయన నాతో అన్నారు: "రోగి ఎంత సెప్తే అంత. ఒక మాట తగ్గించొద్దు, ఒక మాట కలపొద్దు. మందు కలిపేదానికి నేనుండాను. మాట కలిపేదానికి ఎవురూ అక్కర్లా."

విన్నాను. వినడం వేరు, ఒంటబట్టడం వేరు.

ఒక ఎండాకాలం డాక్టరమ్మే మంచం పట్టింది. కడుపునొప్పి, వాంతులు, జ్వరం. జ్వరం పెరిగేకొద్దీ ఆమెకున్న ఆ కాస్త ఇంగ్లీషూ పోయి తల్లి భాష ఒక్కటే మిగిలింది. మిగతా ఇద్దరు సిస్టర్లూ మలయాళం వాళ్ళు, వాళ్ళకు అది రాదు. సిస్టర్ల ఇంట్లోకి మగవాళ్ళు అడుగు పెట్టకూడదన్నది వాళ్ళ కట్టడి. అందుకని కాంపౌండరయ్య కిటికీ బయట వసారాలో ముక్కాలిపీట మీద, నేను లోపల మంచం పక్కన. ఆయన అడగమన్నది అడగడం, విన్నది కిటికీలోంచి ఆయనకు చెప్పడం నా పని. కుడివైపు పొత్తికడుపు చూపిస్తోందని చెప్పగానే చిత్తూరు తీసుకుపోదామన్నారాయన. డాక్టరమ్మ వద్దంది. ఇంకొక రోజు చూద్దామన్నారు సిస్టర్లు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కళ్ళు తెరిచి, "నో మె దువేలె నాదా" అంది. ఏ నొప్పీ లేదని. ముఖం తేటపడింది. సిస్టర్లు మోకరించారు, నేనూ మోకరించాను. కిటికీ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. తగ్గిందన్న మాట పైకి అంటే దిష్టి తగిలి తిరగబెడుతుందని మా వైపు భయం. మళ్ళీ అడగనూ కూడదు. మా ఇంట్లో మూడు తరాలుగా బైబిలు చదువుతున్నా ఈ భయం మాత్రం పోలేదు.

కాసేపటికి బయటినుంచి ఆయనే పిలిచారు. "పాపా, ఎట్లుండాది?"

"బాగుందయ్యా."

"బాగుండాదని ఆయమ్మ అనిందా, నువ్వంటా ఉండావా?"

అప్పుడు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. పీట పడిన చప్పుడు వినబడింది. "నొప్పి తగ్గతా తగ్గతా పోవల్ల. ఒక్కతూరిగా పోయిందంటే లోపల పగిలినట్టే!" అని అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తారు. పెట్రోలు దొరకని రోజులు, బొగ్గు బస్సులు. నిప్పు రాజుకోవడానికే అరగంట పట్టేది. బస్సు వెనక బొగ్గుపొయ్యికి గాలి కొట్టే పిడి ఆయనే పట్టుకుని తిప్పారట. తర్వాత కండక్టరుతో కలిసి లోపలికొచ్చి డాక్టరమ్మను మంచంతో సహా ఎత్తి బస్సులో పెట్టారు. ఆ గడప ఆయన దాటింది ఆ ఒక్కసారే.

చిత్తూరులో ఆపరేషను చేసి, పగిలిన అపెండిక్సు తీసేశారు. డాక్టరమ్మ బతికింది. యుద్ధం ముగిశాక తన దేశం వెళ్ళిపోయింది.

నేను ఆలస్యం చేసినందుకు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నోటుపుస్తకం తెచ్చి, "నో మె దువేలె నాదా" అన్న చోట పక్కన రెండు మాటలు రాసి నాకు చూపించారు: "మళ్ళీ అడుగు."

నాలుగు రోజుల క్రితం తిరుపతిలో కూతురింట్లో ఆయన్ని చూసి వచ్చాను. కడుపులో గడ్డ. కోసినా లాభం లేదని పెద్ద డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. నెలల తరబడి, ముందురోజు రాత్రి దాకా బాధతో మెలికలు తిరిగిన మనిషి ఆ రోజు వెల్లకిలా, కదలకుండా పడుకుని ఉన్నారు. పక్కన కూర్చుని, ఆయన నేర్పినట్టే అడిగాను: "దోందె లె దువేలె?"

"నో మె దువేలె నాదా."

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట అని, నా ముఖంలోకి చూశారు.

కూతురు గంజి గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమంటా ఉండాడక్కా నాయన?"

ఒక మాట తగ్గించకూడదు, ఒక మాట కలపకూడదు.

"ఏ నొప్పీ లేదంటున్నారు" అన్నాను.

ఆయన తల ఊపారు. ఆ అమ్మాయి ముఖం విప్పారింది. గబగబా వచ్చి తండ్రి తల కింద చెయ్యి పెట్టి, "అయితే ఈ పొద్దు రొండు గుక్కలు ఎక్కువ తాగల్ల నాయనా" అంది. ఆయన తాగారు.