అక్క బరువు

చిటపట మేస్త్రికి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ నూరేళ్ళు బతకాలి. కాగిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టుండేది ఆయన నోరు. "జాకీ దించగానే టేపు పట్టుకునేవాడు మెకానిక్కా? కారుని ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు దొర్లించి, అది సర్దుకు కూర్చున్నాక కొలవాలి" అని పక్క షెడ్డువాళ్ళని పిలిచి మరీ తిట్టేవాడు. అయినా పాతకాలపు కార్లున్నవాళ్ళు ఆ తిట్లు తింటూనే అక్కడికి వచ్చేవారు. వాటికి వెనకవైపు స్ప్రింగులుండవు. అడుగున గొట్టంలో అడ్డంగా రెండు ఉక్కు కడ్డీలుంటాయి, టార్షన్ బార్లంటారు. అవే మెలితిరిగి బరువు మోస్తాయి. కడ్డీకి లోపలి కొసన నలభై పళ్ళు, బయటి కొసన నలభై నాలుగు. లోపల ఒక పన్ను ఇటూ, బయట ఒక పన్ను అటూ జరిపితే కారు వెనకభాగం కాస్తంత లేస్తుంది. ఆ కాస్తంత ఎంతో ఊళ్ళో ఆయనొక్కడికే తెలుసు.

ఆయన మెత్తగా మాట్లాడేది ఒక్క అక్కతోనే. మనసారా అసహ్యించుకునేది ఒక్క బావనే. ఊరికే కాదు. ముప్ఫై ఏళ్ళుగా బావ దగ్గర కారుంది, అందులో అక్క ఒక్కరోజు కూర్చోలేదు. "నీకు కారు పడదులే" అనేవాడు బావ. ఎక్కకుండానే పడదని ఎలా తెలిసిందో ఆ మహానుభావుడికే తెలియాలి! ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ప్రతి గురువారం ఆస్పత్రికి బస్సులో వెళుతుంది, మెట్ల మీద చేతులు ఆన్చి ఎక్కుతుంది.

అలాంటి బావ ఒకనాడు షెడ్డు ముందు కారాపాడు. డ్రైవరు వైపు వెనక చక్రం మీద కారు కుంగిపోయింది. వీధిలో అందరూ కుంటికారంటున్నారట.

"చేస్తాను. కానీ గురువారం గురువారం అక్కని ఇందులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి" అన్నాడు మేస్త్రి.

"అదెంత పని! అలాగే."

"ఇద్దరికి సరిపడా సర్దాలి మరి. అక్క బరువెంత?"

"నాకేం తెలుసు?"

మేస్త్రి పళ్ళు నూరి, అక్కకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. అరవై రెండు కిలోలు. అంత ఇసక బస్తాకెత్తి పక్కసీట్లో పెట్టి, బావని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, రెండు వైపులా ఒకే కొలత వచ్చేదాకా పళ్ళు జరిపాడు. రెండు రోజులు పట్టింది.

నెల తిరక్కుండానే, ఓ బుధవారం, బావ అగ్గిమీద గుగ్గిలమవుతూ వచ్చాడు. షెడ్డు నిండా జనం.

"ఏం పనిరా నీది! మళ్ళీ ఒరిగింది!"

"అక్క కూర్చున్నప్పుడు కూడానా?"

"మీ అక్క కూర్చున్నా అంతే!"

మేస్త్రి అదే బస్తా తెచ్చి పక్కసీట్లో పడేశాడు. బావని కూర్చోమని, కారు దొర్లించి, రెండు వైపులా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా అందరూ చూస్తుండగా కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అంటే పక్కసీటు ఖాళీగా ఉన్నప్పుడే ఒరుగుతోందన్నమాట.

"అక్క ఎక్కనేలేదు కదూ? నోరు తెరిస్తే అబద్ధం! సిగ్గులేదూ నీకు?"

అని ఊరుకున్నాడా? అక్కడే జాకీ ఎత్తి రెండు కడ్డీలూ ఊడబీకాడు. కారు వెనకభాగం నేలకు చతికిలబడింది. "అక్కని తీసుకురా, బిగిస్తాను" అన్నాడు. బావ బండబూతులు తిట్టుకుంటూ నడిచి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే అక్క ఒక్కతే వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏరా, కోపం నీదీ, అనుభవించేది నేనా? నువ్విక్కడ కడ్డీలు పీకితే, ఆయన అక్కడ నా ప్రాణం తోడేస్తున్నాడు. నిన్నటి నుంచి ఇంట్లో గిన్నెలు ఎగురుతున్నాయి. నన్నో మాట అడిగావా? ఇసకబస్తాని చేసి పదిమందిలో తూచావు!"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "నీకోసమే కదక్కా..."

"నాకోసమైతే ముందు అవి బిగించు."

ఆయన కడ్డీలు తెచ్చేలోపు ఆవిడ తలుపు తీసుకుని పక్కసీట్లో కూర్చుంది.

"దిగక్కా, జాకీ ఎత్తాలి."

"నాతోనే ఎత్తు. నేను దిగను."

గొణుక్కుంటూనే అక్కతో సహా కారెత్తాడు. ఇనప స్టాండ్లు పెట్టి, ఒకటికి రెండుసార్లు తోసి చూసి, అడుగున దూరాడు. మధ్యాహ్నమైంది. కబురందుకుని బావ వచ్చేసరికి కారు మళ్ళీ తన చక్రాల మీద నిలబడి ఉంది, లోపల అక్క ఉంది.

"దిగవే! బస్సులో పో!" అని అరిచాడు బావ.

ఆవిడ అతని వైపు చూడలేదు, తమ్ముడి వైపూ చూడలేదు.

"ఎక్కండి" అంది. "ఇవాళ గురువారం."